ఇంట్లో బ్రేకులు విప్పాక పెడల్ మెత్తబడిందా? మా షెడ్డుకి తెచ్చే ముందు ఇది చదవండి

దసరా దగ్గర పడింది. సిరిమానుకి విజయనగరం దిగేవాళ్లూ, సెలవులకి సాలూరు, బొబ్బిలి వెళ్లేవాళ్లూ కొరాపుట్ జిల్లా సిమిలిగుడలో మా షెడ్డు ముందు బండ్లు వరస కట్టే రోజులివి. ఈ మధ్య అందులో ఒక రకం ఎక్కువైంది. ఫోన్లో వీడియో చూసి ఇంట్లోనే ప్యాడ్లో, లైనర్లో మార్చుకుని, ఆ తర్వాత పెడల్ లోపలికి పోతోందని తెచ్చే బండ్లు. వాటికి ఇకమీదట మేం ఎలా పని చేస్తామో, ఎంత తీసుకుంటామో ముందే చెప్పేస్తే మీకూ నాకూ గొడవ ఉండదు.

"ఒకసారి ఎయిర్ తీసి ఇచ్చేయండి, అరగంట పనే కదా" అంటే ఇక కుదరదు. (ఎయిర్ తీయడమంటే బ్రేక్ పైపుల్లో చేరిన గాలిని ఆయిల్‌తో పాటు బయటికి వదలడం.) చెకింగ్‌కి 400 రూపాయలు. పని మా దగ్గరే చేయిస్తే అది బిల్లులో తగ్గిస్తాను. పొద్దున్న బండి వదిలితే సాయంత్రానికి ఇస్తాను. నాలుగు చక్రాలూ విప్పి చూడకుండా తాళం చేతికివ్వను. ఇక్కడ తప్పించుకున్న లోపం సుంకి ఘాట్ మలుపుల్లో బయటపడుతుంది. అప్పుడు ఎవర్ని తిట్టుకున్నా లాభం లేదు.

ఇంట్లో పని చేసుకోవద్దని నేననను. సునాబెడ, దామన్‌జోడి కాలనీల వాళ్లలో కొందరు మా కుర్రాళ్లకంటే శుభ్రంగా స్పానర్ పడతారు. చిక్కల్లా ఎక్కడంటే, పెడల్ మెత్తబడింది అనగానే అందరూ ఎయిర్ అనే అనుకుంటారు. సీసాల మీద సీసాలు ఆయిల్ పోసి తీస్తూనే ఉంటారు.

పెడల్ మీద కాలు పెడితేనే సగం తెలుస్తుంది. నొక్కితే స్ప్రింగులా వెనక్కి తంతూ, నాలుగుసార్లు కొడితే కాస్త పైకొచ్చినా మెత్తదనం పోకపోతే ఎయిర్. మొదటిసారి బాగా కిందికెళ్లి, వెంటనే రెండోసారి నొక్కితే పైన గట్టిగా ఆగితే, చాలాసార్లు అది వెనక డ్రమ్ములో షూలకీ (లైనర్ అంటించి ఉండే రేకులు) డ్రమ్ముకీ మధ్య ఎడం ఎక్కువై. వీల్ బేరింగ్ లూజైనా, డిస్క్ వంకరైనా కూడా ఇలాగే ఉంటుంది, ఎందుకంటే చక్రం తిరిగినప్పుడల్లా ప్యాడ్లు వెనక్కి నెట్టుకుపోతాయి. ఒత్తి పట్టుకుంటే మెల్లమెల్లగా నేలకి దిగిపోతే, ఆయిల్ బయటికైనా కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ని పైపుల్లోకి నెట్టేది) లోపలి రబ్బరు దాటి వెనక్కి పోతోంది. బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఆయిల్ తగ్గకుండా పెడల్ దిగుతుంటే రెండోదే. ఇంజిన్ స్టార్ట్ చేయగానే కాలి కింద పెడల్ కొంచెం దిగడం మాత్రం జబ్బు కాదు, కాలి నొక్కుడికి బలం కలిపే బూస్టర్ పని చేస్తోందని అర్థం. దానికి డబ్బు తగలేయకండి.

ఎయిర్ ఎక్కడుందో వెతకడానికి మా దగ్గర హోస్ క్లాంపులున్నాయి. నాలుగు రబ్బరు పైపులూ నొక్కిపెట్టి పెడల్ చూస్తాం. రాయిలా నిలబడితే మాస్టర్ సిలిండర్ బాగానే ఉందన్నమాట. తర్వాత ఒక్కో క్లాంపూ వదులుతూ వస్తాం. ఏది వదిలితే మెత్తబడిందో ఆ చక్రం దగ్గరే పని. ఇది చేయకుండా మాస్టర్ సిలిండర్ మార్చేయమని అడిగేవాళ్లున్నారు. పార్టు అమ్మితే నాకూ నాలుగు రూపాయలు మిగులుతాయి, కానీ అందాజుకి మార్చను. ఇంట్లో ఈ పరీక్ష ప్లయర్‌తో మాత్రం చేయకండి. దాని పళ్లకి పైపు లోపలి పొర చిట్లుతుంది.

మొన్న ఒక హ్యాచ్‌బ్యాక్ వచ్చింది. ముందు కాలిపర్లు (ప్యాడ్లని డిస్క్ మీద ఒత్తేవి) రెండూ విప్పి, ముచ్చటగా ఎర్ర రంగు కొట్టి బిగించారు. ఎన్నిసార్లు తీసినా పెడల్ రావడం లేదంటారు. చక్రం విప్పి చూస్తే ఎయిర్ వదిలే నిప్పల్ నేల చూస్తోంది. ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ వెళ్లిపోయాయి. గాలి పైకే చేరుతుంది కాబట్టి నిప్పల్ కాలిపర్‌కి పై కొసన ఉండాలి. కిందుంటే రోజంతా తీసినా ఆయిలే వస్తుంది, గాలి పైన హాయిగా కూర్చుంటుంది. కాలిపర్లు అటూ ఇటూ మార్చి, పైపు బోల్టుకి కొత్త రాగి వాషర్లు వేసి తీస్తే కాసేపట్లో పెడల్ నిలబడింది. పాత వాషర్లు ఒకసారి నలిగినవి, మళ్లీ వేస్తే చెమ్మ పడుతుంది.

డ్రమ్ముల్లో జరిగేది వేరు. షూల ఎడం సర్దే అడ్జస్టర్ మరలు కుడికి వేరు, ఎడమకి వేరు. అవి తారుమారైతే ఎడం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. కొత్త షూలు వేశాక డ్రమ్ము ఎక్కించి తిప్పితే చిన్నగా రాసుకోవాలి. అలా రాకపోతే కొందరు హ్యాండ్‌బ్రేక్ కేబుల్ బిగించి సరిపెడుతున్నారు. దాంతో అడ్జస్టర్ అసలు కదలదు. ముందు షూలు, ఆ తర్వాతే కేబుల్.

పాత బండ్లలో ఇంకో సంగతి. ఎయిర్ తీసేటప్పుడు పక్కన కూర్చున్నవాళ్లు పెడల్‌ని నేలకంటా తొక్కుతారు. మాస్టర్ సిలిండర్లో రోజూ పిస్టన్ వెళ్లని చోట తుప్పూ మడ్డీ ఉంటాయి. రబ్బరు వాటి మీద గీసుకుని అప్పటిదాకా బాగున్నది కాస్తా పాడవుతుంది. పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టుకోండి. డబ్బాలో ఆయిల్ అడుగంటనివ్వకండి, గాలి పైనుంచే దిగిందంటే మొదటికొస్తుంది. నిప్పల్ బిగించాకే పెడల్ మీంచి కాలు తీయమనండి.

బ్రేక్ ఆయిల్ బదులు స్టీరింగ్ ఆయిలో ఇంజిన్ ఆయిలో పోసినవాళ్లు దయచేసి దాచకండి. మూత కింద రబ్బరు ఉబ్బి అలలు తేలి ఉంటే మాకు ఎలాగూ తెలిసిపోతుంది. అప్పుడు మాస్టర్ సిలిండర్, డ్రమ్ముల్లోని వీల్ సిలిండర్లు, కాలిపర్ సీళ్లు, హోస్ పైపులు అన్నీ మార్చాలి, ఇనప పైపులు కడగాలి. బిల్లు ఘాటుగానే ఉంటుంది. సగం రబ్బర్లు మార్చి సర్దమంటే ఆ బండి ముట్టుకోను.

ఊళ్లో బాగున్న పెడల్ ఘాట్ దిగుతుంటేనే పోతోందా? అది ఎక్కువగా పాత ఆయిల్ పనే. బ్రేక్ ఆయిల్ గాలిలోని చెమ్మ పీల్చుకుంటుంది, మన కొండల మీద వానాకాలం సంగతి చెప్పక్కర్లేదు. డాట్ 4 రకం (సీసా మీద రాసి ఉంటుంది) ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3కైతే 205, 140. పొట్టంగి దాటాక సాలూరు వైపు కాలు తీయకుండా బ్రేకు మీదే దిగితే ఆయిల్ మరిగి ఆవిరవుతుంది, పెడల్ ఖాళీగా వెళ్లిపోతుంది. చల్లారాక మళ్లీ మామూలే. అందుకే షెడ్డుకొచ్చేసరికి "ఏం లేదండీ, బాగానే ఉంది" అంటారు. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చండి. మూత తీసిన సీసా అటక మీద దాచి మరుసటి ఏడు పోయకండి. ఘాట్ ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి.

ఏబీఎస్ (గట్టిగా బ్రేకేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) ఉన్న బండ్లు తెచ్చేవాళ్లు ముందు ఫోన్ చేసి మోడల్ చెప్పండి. దాని బ్లాకులో గాలి చేరితే కొన్నింటికి స్కానర్‌తో పంపు తిప్పితే గానీ బయటికి రాదు. మా స్కానర్ అన్ని కంపెనీలకీ పని చేయదు. కుదరకపోతే చెకింగ్ డబ్బు తీసుకోకుండా విశాఖ పంపిస్తాను. అదీ ట్రక్కు మీదే, నడుపుకుంటూ ఘాట్ దిగడానికి వీల్లేదు.

వచ్చేటప్పుడు ఏం విప్పారో, ఏ సీసా పోశారో ఉన్నదున్నట్టు చెప్పండి, ఇక్కడ నవ్వేవాళ్లెవరూ లేరు. తీసిన పాత ప్యాడ్లు, షూలు, స్ప్రింగులు ఒక సంచిలో వేసి తెండి. కొత్త ప్యాడ్ వెనక రేకు మందం, ఆకారం పాతదానితో పోల్చి చూస్తే తప్పు పార్టు ఇట్టే దొరికిపోతుంది, మీకు ఒక పూట మిగులుతుంది.