కెమెరా మాడ్యూల్ పోలేదు, అడ్డుపడుతున్నది మీ డ్రైవరే

గుంటూరు

కస్టమర్ సేవల విభాగం అధిపతి గారికి,

విషయం: విండోస్ 11కు మారిన తర్వాత మీ 14 అంగుళాల ల్యాప్‌టాప్‌లలో వెబ్‌క్యామ్ ఆగిపోవడం, సర్వీస్ సెంటర్ వారి తప్పుడు నిర్ధారణ, ఎస్టిమేట్ల రద్దు, తనిఖీ రుసుము వాపసు కోరుతూ.

అయ్యా,

మేము ఆన్‌లైన్ పాఠాలు కూడా చెప్పే ఒక విద్యాసంస్థలో సిస్టమ్స్ పని చూసేవాళ్లం. మా అధ్యాపకులు 12 మంది 2021లో మీ కంపెనీ ల్యాప్‌టాప్‌లు ఒకే మోడల్‌వి కొన్నారు. సొంత డబ్బుతో, ఎవరి పేరు మీద వారు బిల్లు తీసుకుని కొన్నవి ఇవి. వారందరి తరఫున, వారి సంతకాలతో ఈ ఫిర్యాదు పంపుతున్నాం. బిల్లుల నకళ్లు, జాబ్ షీట్లు, లాగ్ ఫైళ్లు జతచేశాం.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఈ మోడల్ విండోస్ 11కు అర్హమైనదేనని మీ సపోర్ట్ పేజీలోనే ఉంది. దాన్ని నమ్మి 12 ల్యాప్‌టాప్‌లనూ విండోస్ 10 22హెచ్2 నుంచి విండోస్ 11 24హెచ్2కు మార్చాం. వాటిలో ఏడింటిలో వెబ్‌క్యామ్ ఆగిపోయింది. కెమెరా యాప్ తెరిస్తే 'మీ కెమెరా కనిపించడం లేదు' అన్న సందేశం, కింద 0ఎక్స్ఏ00ఎఫ్4244 కోడ్. పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో కెమెరా పేరు పక్కన పసుపు త్రికోణం, దాని ప్రాపర్టీస్‌లో కోడ్ 39.

మీ సర్వీస్ సెంటర్‌కు ఇచ్చిన రెండు ల్యాప్‌టాప్‌లకూ ఒకే మాట రాశారు: 'కెమెరా మాడ్యూల్ ఫెయిల్యూర్, మార్చాలి', అంటే కెమెరా భాగమే పాడైందని. ఒక్కోదానికి ఎస్టిమేట్ రూ. 4,720 (విడిభాగం 3,400, కూలి 600, ఆపై 18 శాతం జీఎస్టీ). తనిఖీ రుసుము కింద ఒక్కోదానికి రూ. 590 ముందే కట్టించుకున్నారు. ఈ నిర్ధారణ తప్పు. ఎందుకు తప్పో కింద వివరంగా రాస్తున్నాం. దయచేసి ఈ లేఖను మీ డ్రైవర్ల (పరికరాన్ని విండోస్‌తో కలిపి నడిపే సాఫ్ట్‌వేర్) బృందానికి కూడా పంపండి. కాల్ సెంటర్ దగ్గర ఆగిపోతే ప్రయోజనం ఉండదు.

ముందుగా ఆ కోడ్‌ల సంగతి. 4244తో ముగిసే కోడ్ కెమెరా యాప్ ఇచ్చేది. యాప్‌కు వాడుకోదగ్గ కెమెరా ఒక్కటీ దొరకలేదని మాత్రమే దాని భావం. మాడ్యూల్ చచ్చిపోయినా అదే వస్తుంది, డ్రైవర్ ఎక్కకపోయినా అదే వస్తుంది. తేడా చెప్పేది డివైస్ మేనేజర్. మాడ్యూల్‌కు కరెంటు అందకపోయినా, స్క్రీన్ అంచు లోపలి నుంచి మదర్‌బోర్డుకు వచ్చే సన్నని కేబుల్ ఊడినా కెమెరా ఆ జాబితాలో అసలు కనిపించదు. 'షో హిడెన్ డివైసెస్' నొక్కితే మసకగా, కోడ్ 45తో కనిపిస్తుంది. కోడ్ 39 వేరు. డివైస్ దొరికింది, దాని డ్రైవర్‌ను మాత్రం మెమరీలోకి ఎక్కించలేకపోయాం అని విండోస్ చెబుతున్న మాట అది. మీ టెక్నీషియన్ జాబ్ షీట్‌లో 'కోడ్ 39' అని తన చేత్తోనే రాసి, దాని కిందే 'మాడ్యూల్ ఫెయిల్యూర్' అని ఎలా రాశారో మాకు అంతుపట్టలేదు.

హార్డ్‌వేర్ బాగుందని తేల్చడానికి స్క్రూ విప్పక్కర్లేదు. విండోస్ కాకుండా ఉబుంటు అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా 'ట్రై' ఎంచుకుని, కెమెరా అప్లికేషన్ తెరిస్తే చాలు. ఆగిపోయిన ఏడింటిలో మా దగ్గర ఉన్న ఐదింటిలోనూ బొమ్మ వచ్చింది, 1280×720లో సెకనుకు 30 ఫ్రేములు, మచ్చ లేకుండా. పది నిమిషాల పని ఇది. రూ. 590 తీసుకుని చేయాల్సిన మొదటి పరీక్ష ఇదే.

ఇక అసలు కారణం. 12 ల్యాప్‌టాప్‌లూ ఒకే మోడల్ అయినా కెమెరా మాడ్యూళ్లు ఒకటి కావు. మీరు ఇద్దరు సరఫరాదారుల దగ్గర కొని బిగించారు. డివైస్ మేనేజర్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూస్తే ఏడింటిలో ఒక వెండర్ ఐడీ (తయారీదారు గుర్తింపు సంఖ్య), మిగతా ఐదింటిలో ఇంకొకటి. ఆగిపోయినవి ఆ ఏడే. రెండో రకం మాడ్యూల్ ఉన్న ఐదింటిలో విండోస్‌తో వచ్చే సాధారణ డ్రైవర్ యూఎస్‌బీవీడియో.సిస్ నడుస్తోంది, వాటికి డ్రైవర్ ఇబ్బంది ఏదీ లేదు (ఒకదానిలో వచ్చిన వేరే సమస్య గురించి చివర్లో రాశాం).

ఆ ఏడింటిలోనూ అప్‌గ్రేడ్ పూర్తయిన వెంటనే కెమెరా పనిచేసింది. తర్వాత ఆగింది. ఎప్పుడు ఆగిందో సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్‌లోని ఐఎన్ఎఫ్ ఫోల్డర్‌లో ఉండే సెటప్‌ఏపీఐ.డెవ్.లాగ్ చెబుతుంది. ఏ డివైస్‌కు ఏ డ్రైవర్, ఏ ప్రోగ్రామ్ ద్వారా, ఏ సెకనులో ఎక్కిందో ఆ ఫైల్‌లో వరుసగా రాసి ఉంటుంది. ఏడు ఫైళ్లలోనూ ఒకటే కథ: మీ అప్‌డేట్ యుటిలిటీ దానంతట అది నడిచి, 2020 నాటి కెమెరా ఎఫెక్ట్స్ ప్యాకేజీని ఎక్కించింది. నేపథ్యాన్ని మసకచేయడం, ముఖం తెల్లగా చూపడం లాంటి హంగుల కోసం సాధారణ డ్రైవర్ పైన కూర్చునే ఫిల్టర్ డ్రైవర్ అందులో ఉంది. ఆ ఫిల్టర్ ఎక్కకపోతే దాని కింద ఉన్న మొత్తం వరుస ఆగిపోతుంది.

అది ఎక్కకపోవడానికి కారణం మెమరీ ఇంటెగ్రిటీ. విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, అందులో కోర్ ఐసొలేషన్ కింద ఉండే రక్షణ ఇది. ఇది ఆన్‌లో ఉంటే కెర్నెల్‌లోకి (విండోస్ కేంద్ర భాగంలోకి) వచ్చే ప్రతి డ్రైవర్ కోడ్‌నూ వర్చువలైజేషన్‌తో వేరుచేసిన భద్రమైన చోట పరీక్షించి లోపలికి పంపుతుంది. రాయడానికీ నడపడానికీ ఒకేసారి అనుమతి ఉన్న మెమరీని అడిగే పాత డ్రైవర్లు ఇక్కడ ఆగిపోతాయి. ఏడు ల్యాప్‌టాప్‌లలోనూ 'ఈ డివైస్‌లో డ్రైవర్ లోడ్ కాలేదు' అనే హెచ్చరిక మీ ఫిల్టర్ ఫైల్ పేరుతోనే వచ్చింది. పరీక్ష కోసం ఒకదానిలో మెమరీ ఇంటెగ్రిటీ ఆపి రీస్టార్ట్ చేస్తే కెమెరా వచ్చింది. మళ్లీ ఆన్ చేయబోతే పొసగని డ్రైవర్ ఉందంటూ అదే ఫైల్ పేరు చూపి, విండోస్ ఒప్పుకోలేదు. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

మీ చాట్ సపోర్ట్ వారు మాత్రం ఆ రక్షణను శాశ్వతంగా ఆపేసుకోమన్నారు. బ్యాంకు పనులు, విద్యార్థుల వివరాలు ఉండే యంత్రంలో ముఖం తెల్లబరిచే హంగు కోసం కెర్నెల్ కాపలా తీసేయమనడం సలహా కాదు. ఇంకొకరు రిజిస్ట్రీలో (విండోస్ అమరికల నిల్వ) ఎనేబుల్‌ఫ్రేమ్‌సర్వర్‌మోడ్ విలువ 0 పెట్టమన్నారు. అది 2016లో విండోస్ 10 యానివర్సరీ అప్‌డేట్ తర్వాత చాలా వెబ్‌క్యామ్‌లు స్తంభించినప్పుడు తిరిగిన చిట్కా. అప్పట్లో సమస్య ఎంజేపెగ్ (కుదించిన రూపం) వీడియోను, కెమెరా బొమ్మలను అప్లికేషన్లకు అందించే విండోస్ భాగమైన ఫ్రేమ్ సర్వర్, వాటికి నేరుగా ఇవ్వకపోవడం. డ్రైవరే ఎక్కని చోట ఫ్రేమ్ సర్వర్ దాకా వ్యవహారం పోదు. మరొకరు పాత విండోస్‌కు వెనక్కి వెళ్లమన్నారు. ఆ 'గో బ్యాక్' సదుపాయం మామూలుగా అప్‌గ్రేడ్ అయిన 10 రోజుల వరకే ఉంటుంది. పైగా సపోర్ట్ ముగిసిన సిస్టమ్‌కు వెళ్లమని తయారీదారే చెప్పడం ఏం బాగుంటుంది?

మేము చేసిన తాత్కాలిక మరమ్మతు ఇది. మీ టెక్నీషియన్లకు పనికొస్తుందని పూర్తిగా రాస్తున్నాం. డివైస్ మేనేజర్‌లో కెమెరాపై రైట్ క్లిక్, అప్‌డేట్ డ్రైవర్, 'బ్రౌజ్ మై కంప్యూటర్', తర్వాత 'లెట్ మీ పిక్', జాబితాలో 'యూఎస్‌బీ వీడియో డివైస్' ఎంచుకుని నెక్స్ట్. రీస్టార్ట్ చేస్తే కెమెరా వస్తుంది. డ్రైవర్ తేదీ 2006 జూన్ 21 అని కనిపిస్తుంది. అది చూసి మీ సర్వీస్ సెంటర్‌లో 'ఇదెక్కడి పాత డ్రైవర్' అని నవ్వారట. విండోస్‌తో వచ్చే డ్రైవర్లకు మైక్రోసాఫ్ట్ కావాలనే ఆ తేదీ పెడుతుంది, తయారీదారు ఇచ్చే డ్రైవర్ దానికన్నా పాతదిగా లెక్కకు రాకూడదని. లోపలి ఫైల్ మాత్రం 24హెచ్2తో వచ్చినదే.

ఇంతటితో అయిపోతే మీకు రాసేవాళ్లం కాదు. మీ యుటిలిటీ మళ్లీ నడవగానే పాత డ్రైవర్ తిరిగి వచ్చి కూర్చుంటుంది. డ్రైవర్ ఏ పరికరానికో చెప్పే మీ ఐఎన్ఎఫ్ ఫైల్‌లో ఆ మాడ్యూల్ హార్డ్‌వేర్ ఐడీ పేరు పెట్టి రాసి ఉంది. సాధారణ డ్రైవర్ 'వీడియో తరగతికి చెందిన ఏ యూఎస్‌బీ పరికరమైనా' అని కంపాటిబుల్ ఐడీతో సరిపోలుతుంది. విండోస్ లెక్కలో పేరు పెట్టి పిలిచినదానికే పైస్థానం. అందుకే ఆ ప్యాకేజీని, విండోస్ డ్రైవర్లను దాచుకునే డ్రైవర్ స్టోర్ నుంచే పీఎన్‌పీయుటిల్ డిలీట్ డ్రైవర్ కమాండ్‌తో, అన్‌ఇన్‌స్టాల్ స్విచ్ కలిపి తీసేయాల్సి వచ్చింది. పైగా మీ యుటిలిటీలో ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేశాం. దాంతో బయాస్ (ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే ముందుగా నడిచే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు కూడా చేత్తో చూసుకోవాల్సి వస్తోంది. కంప్యూటర్ పని తనది కాని ఒక లెక్కల మాస్టారు ఇదంతా ఇంట్లో కూర్చుని చేసుకోలేరు.

సాధారణ డ్రైవర్‌తో నాణ్యత తగ్గుతుందని మీ వారు అన్న మాటకు జవాబు: తగ్గలేదు. ఈ కెమెరా లోపల యూఎస్‌బీ 2.0 మీదే నడుస్తుంది. కుదించని 720పీ వీడియో సెకనుకు 30 ఫ్రేములైతే దాదాపు 55 మెగాబైట్లు అవుతుంది, ఆ దారిలో అంత పట్టదు. అందుకే ఆ రూపంలో సుమారు 10 ఫ్రేములే వస్తాయి. 30 రావాలంటే కెమెరాయే ఎంజేపెగ్‌గా కుదించి పంపాలి. ఆ కుదింపు మాడ్యూల్‌లోని చిప్ చేసే పని, మీ ఫిల్టర్‌ది కాదు. సాధారణ డ్రైవర్ ఎంజేపెగ్‌ను అందుకుంటుంది కాబట్టి 30 ఫ్రేములూ వస్తున్నాయి. పోయింది ముఖం తెల్లబరిచే హంగు ఒక్కటే, దానికి మా అధ్యాపకులెవరూ బెంగపడలేదు.

ఇంకో చిన్న విషయం, పైదానితో కలపకండి. మిగతా ఐదింటిలో ఒకదానిలో కెమెరా జాబితాలోనే లేదు, ఉబుంటులో కూడా లేదు. ఎఫ్8 కెమెరా స్విచ్ ఆఫ్ స్థితిలో ఉండిపోయింది. ఈ మోడల్‌లో ఆ మీట కెమెరాకు కరెంటే కట్ చేస్తుంది, విండోస్‌లో దాన్ని పట్టించుకునేది మీ హాట్‌కీ సర్వీస్. అప్‌గ్రేడ్‌లో ఆ సర్వీస్ పోయింది, విండోస్ 11 కోసం మీ పేజీలో అది లేదు. బయాస్ డిఫాల్ట్స్ లోడ్ చేశాక కెమెరా వచ్చింది, మీట మాత్రం ఇంకా పనిచేయడం లేదు. స్లైడింగ్ షట్టర్ ఉన్న మోడళ్లలో లెన్స్ మూసుకుని నల్లటి బొమ్మ వస్తుంది, లైటు వెలుగుతుంది. ఇక్కడ లైటూ లేదు, డివైసూ లేదు. ఈ తేడా మీ ఫోన్ సపోర్ట్ వారి ప్రశ్నల జాబితాలో చేర్చండి.

మేము కోరేది: సర్వీస్ సెంటర్‌లో ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లను మాడ్యూల్ ముట్టుకోకుండా తిరిగి ఇవ్వాలి, వాటి ఎస్టిమేట్లు రద్దు చేసినట్టు లిఖితపూర్వకంగా తెలపాలి, తనిఖీ రుసుము మొత్తం రూ. 1,180 వాపసు చేయాలి. ఆ 2020 ప్యాకేజీని ఈ మోడల్‌కు మీ యుటిలిటీ ద్వారా పంపడం వెంటనే ఆపాలి. మెమరీ ఇంటెగ్రిటీతో పనిచేసే కొత్త ప్యాకేజీ ఇస్తే సంతోషం. ఇవ్వలేకపోతే ఫిల్టర్‌ను తొలగించి సాధారణ డ్రైవర్‌కు మార్చే చిన్న ఇన్‌స్టాలర్ అయినా సపోర్ట్ పేజీలో పెట్టాలి, దానితోపాటు విండోస్ 11 హాట్‌కీ సర్వీస్ కూడా. వారంటీ ముగిసిందన్న జవాబు ఇక్కడ కుదరదు. మేము అడుగుతున్నది ఉచిత విడిభాగం కాదు. బాగున్న యంత్రాన్ని మీరు పంపిన సాఫ్ట్‌వేర్ ఆపితే, దాన్ని తీసేయమని అడుగుతున్నాం.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో లిఖితపూర్వక సమాధానం రాకపోతే, యజమానులు ఎవరికి వారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తారు. అక్కడా తేలకపోతే వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద సేవాలోపంగా గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతారు. ఆ చట్టం ప్రకారం కొనుగోలుదారు నివసించే ఊళ్లోనే కేసు వేయవచ్చు, రూ. 5 లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు.

మీ సాంకేతిక బృందం నేరుగా మాట్లాడదలిస్తే ఏడు ల్యాప్‌టాప్‌లలో ఒకదాన్ని మీ డ్రైవర్‌తో, కోడ్ 39తో అలాగే ఉంచాం. పని దినాల్లో ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు రిమోట్‌గా చూడవచ్చు.

ఇట్లు,
సిస్టమ్స్ విభాగం,
12 మంది యజమానుల తరఫున

జతచేసినవి: బిల్లుల నకళ్లు 12, జాబ్ షీట్లు 2, ఎస్టిమేట్లు 2, తనిఖీ రుసుము రసీదులు 2, సెటప్ లాగ్ ఫైళ్లు 7, హార్డ్‌వేర్ ఐడీల పట్టిక, యజమానుల సంతకాల పత్రం.