ఉజి మాచా డబ్బా ఆపేశాం: కారణం, బదులుగా వస్తున్నది, దాన్ని కలిపే పద్ధతి

మా దగ్గర నెలనెలా ఉజి మాచా, అంటే జపాన్‌లో క్యోతో పక్కనున్న ఉజి ప్రాంతపు పచ్చ తేయాకు పొడి, తీసుకునేవాళ్లకు ఈ ఉత్తరం. 30 గ్రాముల డబ్బా కొన్ని వారాలుగా "స్టాకు లేదు" అని కనిపిస్తోంది. సరుకు దాచి ధర పెంచాలని చూస్తున్నామని ఒకరిద్దరు అన్నారు. అది నిజం కాదు. సరుకు సిద్ధంగానే ఉంది, మేమే వద్దన్నాం. ఆ డబ్బా ఇక రాదు. దాని బదులు జపాన్ దక్షిణాన ఉన్న కగోషిమా మాచా వస్తోంది, వేరే పేరుతో, వేరే డబ్బాలో.

జపాన్ నుంచి మాకు పంపే వ్యాపారితో ఒప్పందం స్పష్టంగా ఉంది. ఉజి ప్రాంతపు మొదటి కోత ఆకు కావాలి, దాన్ని రాతి తిరగలిలోనే విసరాలి. సరుకు బయలుదేరకముందే ఆ విడత నమూనా మాకు వస్తుంది. ఈసారి నమూనా మీద పేరు పాతదే, లేబులు పాతదే, ధర మాత్రం బాగా పెరిగింది. పెరగడం మాకు అర్థమవుతుంది. ఇప్పోదో, మారుక్యు కొయామాఎన్ లాంటి వందల ఏళ్ల దుకాణాలే 2024 శరదృతువులో ఒక్కొక్కరికి ఇంతేనని పరిమితి పెట్టాయి. మాచాకు ముడిసరుకైన తెంచా ఆకు 2025 వసంతంలో క్యోతో వేలంలో కిలోకు సగటున 8,200 యెన్‌లు దాటింది. అంతకుముందు ఏ ఏడూ అది 5,000 కూడా చేరలేదు. కొత్త తేయాకు మొక్క నాటితే సరైన కోతకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది, కాబట్టి ఈ కొరత ఒక సీజన్‌తో తీరదు. ధర పెరిగిందని మేము ఎవరితోనూ గొడవపడలేదు.

గొడవ లోపలి పొడితో. తెల్ల కాగితం మీద చిటికెడు వేసి వేలితో లాగితే మంచి మాచా పొడవుగా, మెత్తగా, చిక్కటి పచ్చ గీతగా సాగుతుంది. ఇది పొట్టిగా తెగిపోయింది, అంచున పసుపు తేలింది. మూత తీయగానే లేత ఆకు వాసనకు బదులు ఎండుగడ్డి వాసన. తర్వాత 2 గ్రాముల మీద మరిగే నీళ్లు పోసి చూశాం. తాగడానికి అంత వేడి పనికిరాదు గానీ, పరీక్షకు అదే సరైనది, ఆ వేడిలో లోపం దాగదు. మొదటి గుక్కలోనే నాలుక ఎండిపోయేంత వగరు, వెనక కమ్మదనం ఏమీ లేదు. పాత విడత పొడిని పక్కనే పెట్టి తాగితే రెండూ ఒకటేనని ఎవరూ అనరు.

ఏ కోత ఆకు, ఏ తిరగలి అని రాతపూర్వకంగా అడిగాం. ముందు జవాబు రాలేదు. తర్వాత, కొరత వల్ల వేసవి కోత ఆకు "కొంత" కలిపామని, విసరడం కూడా యంత్రంలోనేనని వచ్చింది. కొంత అంటే ఎంతో చెప్పలేదు. చివర ఒక మాట రాశారు: రంగు పచ్చగా ఉంటే చాలు, మీ దేశంలో తాగేవాళ్లకు తేడా తెలియదు. ఆ మాట మాకు మింగుడుపడలేదు, ఇప్పటికీ పడదు. గిన్నెలో నీళ్లు 10 మి.లీ. ఎక్కువైతే నురగ పలచబడిందని ఫోన్ చేసి అడిగేవాళ్లు మీరు. మీకు తెలియదని వాళ్లెలా అనుకున్నారు? అడ్వాన్సు ఇంకా తిరిగి రాలేదు. వచ్చినా రాకపోయినా వాళ్లతో మళ్లీ వ్యాపారం లేదు.

కోతకు ఎందుకంత పట్టింపు అంటే, చలికాలమంతా మొక్క వేళ్లలో కూడబెట్టుకున్న థియనిన్ అనే అమైనో ఆమ్లం వసంతంలో తొలి చిగురులోకి ఎక్కుతుంది. మాచాలో కమ్మదనం చాలావరకు దానిదే. ఎండ తగిలితే థియనిన్ తగ్గి, వగరు ఇచ్చే కాటెకిన్లు పెరుగుతాయి. అందుకే కోతకు ముందు సుమారు 20 రోజులు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ, తోట మీద పందిరి కప్పుతారు. జూన్, జూలైల్లో వచ్చే రెండో కోతకు ఆ నిల్వ మిగలదు, ఎండ తీవ్రం, ఆకు గబగబా ముదురుతుంది. ఆ పొడి పనికిరానిదని అనం. పాలలోకి, కేకులోకి బాగానే ఉంటుంది. ఉత్త నీళ్లలో కలుపుకునేవాళ్లకు మొదటి కోత పేరు పెట్టి దాన్ని ఇవ్వడమే తప్పు. డబ్బాల మీద కనిపించే "సెరిమోనియల్ గ్రేడ్" (టీ వేడుకకు తగిన రకం) అనే మాటకు జపాన్‌లో ప్రభుత్వ ప్రమాణమంటూ ఏదీ లేదు. కాబట్టి ఎవరి దగ్గర కొన్నా ఆ మాటను నమ్మకండి. ఏ ఊరు, ఏ కోత, ఏ రకం మొక్క అని అడగండి.

ఆ తర్వాత మేము తేల్చుకోవడానికి చాలా సతమతమైంది దీని గురించే: పేరు నిలబెట్టుకోవాలా, ధర నిలబెట్టుకోవాలా? వేరే ఉజి వ్యాపారి దగ్గర నిఖార్సయిన మొదటి కోత దొరుకుతోంది. కానీ దిగుమతి సుంకం, రవాణా కలిపితే డబ్బా పాత ధర 2,400 రూపాయలకు దాదాపు రెట్టింపు అవుతుంది. డబ్బాను 20 గ్రాములకు తగ్గించి పాత ధర రాయమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. లెక్క వేస్తే అదీ ధర పెంచడమే, పైగా కనపడకుండా పెంచడం. మేము అది చేయం. రోజూ ఒక గిన్నె తాగే అలవాటున్నవాళ్లు పండగకో పబ్బానికో తాగాల్సి వస్తే ఆ డబ్బా మీద ఉజి అని ఉండి లాభమేమిటి? అందుకే ఉజి పేరునే వదులుకున్నాం. సులభంగా వదల్లేదు. మా దుకాణం మొదలైందే ఆ డబ్బాతో.

కగోషిమా క్యూషూ దీవికి దక్షిణపు కొస. అక్కడ కోత ఏప్రిల్ మొదట్లోనే మొదలవుతుంది. తోటలు చదునుగా, పెద్దగా ఉంటాయి, యంత్రంతో కోస్తారు. 2024లో ముడి తేయాకు ఉత్పత్తిలో, ఎప్పటినుంచో మొదటి స్థానంలో ఉన్న షిజుఒకా ప్రాంతాన్ని తొలిసారి దాటింది కగోషిమానే. మేము తెస్తున్నది సాయేమిదోరి, ఒకుమిదోరి అనే రెండు రకాల మొదటి కోత మిశ్రమం. సాయేమిదోరికి మంచి పచ్చ రంగు, తక్కువ వగరు సహజం. దీన్ని రాతి తిరగలిలో కాదు, బాల్ మిల్లులో, అంటే గుండ్లు దొర్లుతూ పొడి చేసే యంత్రంలో విసిరారు. డబ్బా మీద ఆ మాటే అచ్చు వేయించాం. రాతి తిరగలి గంటకు 40 గ్రాములకు మించి విసరదు, అంటే ఒక డబ్బాకు ఒక తిరగలి ముప్పావు గంట తిరగాలి. ఆ ఖర్చు ధరలో తెలుస్తుంది. మిల్లు పొడి తక్కువదేమీ కాదు. మిల్లు పొడికి తిరగలి లేబులు వేయడమే మోసం. 30 గ్రాములకు 2,600 రూపాయలు. గిన్నెకు 2 గ్రాముల చొప్పున 15 గిన్నెలు, ఒక్కోటి సుమారు 173 పడుతుంది.

దీన్ని పాతదానిలాగే కలిపితే నిరాశపడతారు, అందుకే మార్పులు చెబుతున్నాం. ఉజి పొడికి 80 డిగ్రీల నీళ్లు చెప్పేవాళ్లం, దీనికి 75 చాలు. థర్మామీటరు లేకపోతే మరిగిన నీళ్లను చల్లని కప్పులోకి, అక్కడి నుంచి ఇంకో కప్పులోకి పోయండి. ఒక్కో మార్పిడికి సుమారు 10 డిగ్రీలు తగ్గుతుంది. ఒక నిమిషం ఆగితే సరిపోతుంది. పొడి 2 గ్రాములు, నీళ్లు 70 మి.లీ. చెంచా లెక్క నమ్మకండి, పొడి అణిగి ఉందా వదులుగా ఉందా అన్నదాన్ని బట్టి సగం గ్రాము తేడా వస్తుంది. చిన్న డిజిటల్ కాటా వాడండి.

జల్లించడం మానకండి. ఇంత సన్నటి పొడి తేమకూ స్థిరవిద్యుత్తుకూ ఉండలు కడుతుంది, తడిసిన ఉండ పైన జిగురు పొర ఏర్పడి లోపల పొడిగానే మిగిలిపోతుంది. ఎంత గిలకొట్టినా అది విడదు. టీ వడగట్టే సన్నటి స్టీలు జాలీలో వేసి చెంచా వీపుతో నొక్కితే చాలు. గిన్నెను వేడి నీళ్లతో కడిగి పూర్తిగా తుడవండి, తడి గిన్నెలో జల్లిస్తే చేసిన పనంతా వృథా. ముందు 10 మి.లీ. నీళ్లతో ముద్దలా మెదిపి, తర్వాత మిగతా 60 పోయండి.

చాసెన్‌ను, అంటే మాచా గిలకొట్టే వెదురు పుల్లల కుంచెను, ముందు ఒక నిమిషం వెచ్చని నీళ్లలో నానబెట్టండి, పుల్లలు మెత్తబడితే విరగవు. మజ్జిగ కవ్వంలా గుండ్రంగా తిప్పితే నురగ రాదు. మణికట్టు వదులుగా పెట్టి ముందుకూ వెనక్కూ వేగంగా, పుల్లలు అడుగుకు తగిలీ తగలకుండా ఆడించండి. 20 సెకన్లకు బుడగలు లేస్తాయి. అప్పుడు చాసెన్‌ను కొంచెం పైకి లేపి నెమ్మదిగా ఆడిస్తే పెద్ద బుడగలు పగిలి సన్నటి నురగ నిలుస్తుంది. సబ్బు తగలనివ్వకండి. ఉత్త నీళ్లలో కడిగి గాలికి ఆరబెట్టండి. డబ్బాలో మూసిపెడితే విశాఖ తేమకు బూజు పడుతుంది.

హైదరాబాద్ బోరు నీళ్లతో మాచా కలపవద్దు. ఆ సున్నానికి రంగు మసకబారుతుంది, రుచి చప్పబడుతుంది. ఆర్.ఓ. నీళ్లు వాడండి. పాలలోకి అయితే 3 గ్రాములను 40 మి.లీ. నీళ్లలో గిలకొట్టి, 60 డిగ్రీల టోన్డ్ పాలు 150 మి.లీ. కలపండి. చిక్కటి గేదె పాల మీగడ వాసన మాచాను మింగేస్తుంది. బెల్లం రంగునూ రుచినీ కప్పేస్తుంది, పటికబెల్లం పొడి మేలు. నిమ్మరసం పిండకండి, పులుపుకు పచ్చదనం విరిగి ఆలివ్ రంగుకు తిరుగుతుంది. ఒక గిన్నెలో సుమారు 60 మి.గ్రా. కెఫీన్ ఉంటుంది, రాత్రి తాగవద్దు. రక్తహీనత ఉన్నవాళ్లు భోజనానికి గంట ఎడం పాటించండి.

నిల్వ విషయంలో మన వాతావరణం కఠినం. తెరవని డబ్బా ఫ్రిజ్‌లో ఉండాలి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా, కనీసం రెండు గంటలు, మూత తీయకండి. చల్లటి పొడి మీద గాలిలోని తేమ చేరి రెండు రోజుల్లో రంగు పోతుంది. తెరిచాక రోజూ ఫ్రిజ్‌లో పెట్టి తీయడం కంటే, వారానికి సరిపడా 14 గ్రాములు వెలుతురు తగలని చిన్న డబ్బాలో పొయ్యికి దూరంగా ఉంచుకుని, మిగతాది గట్టిగా మూసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఇంగువ, మసాలాల అర దరిదాపుల్లో వద్దు. నెలలోపు వాడేయండి.

ముందుగా డబ్బు కట్టినవాళ్లకు: మిగిలిన నెలలకు కగోషిమా డబ్బా అదే సొమ్ముకు పంపుతాం, పైన 200 రూపాయలు మేమే భరిస్తాం. కట్టుబడే ముందు రుచి చూడాలంటే 4 గ్రాముల పొట్లం ఉచితం, అడిగితే చాలు. కావాలో వద్దో ఈ నెలాఖరులోపు చెప్పండి. ఏ జవాబూ రానివాళ్ల డబ్బు వచ్చే నెల మొదటి వారంలో వాళ్ల ఖాతాకే వెనక్కి పంపుతాం. అడగకుండా బదులు సరుకు ఎవరికీ పంపం.