ఎడ్సెల్ పతనానికి గ్రిల్ ఒక్కటే కారణమా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఫోర్డ్ సంస్థ ఎడ్సెల్ కారుపై వచ్చిన వ్యాసం చదివాను. కారు ముందున్న నిలువు గ్రిల్ (ఇంజనుకు గాలి అందించే జాలీ) వికారంగా ఉండటం వల్లే జనం ఆ కారును కాదన్నారని అందులో తేల్చేశారు. మెకానికల్ ఇంజనీరింగ్ బోధించినవాడిగా దీనితో నేను ఏకీభవించలేను. విశాఖలో ఇంజనీరింగ్, మేనేజ్‌మెంట్ చదువుతున్న పిల్లలు ఇంతటితో ఆగిపోతే అసలు కారణాలు వారికి తెలియవు.

1957 సెప్టెంబరు 4న విడుదలైన ఎడ్సెల్‌కు సొంత కర్మాగారం లేదు. రేంజర్, పేసర్ రకాలను ఫోర్డ్ కార్ల అసెంబ్లీ లైన్లలోనూ, వాటికంటే పెద్దవైన కోర్సెయర్, సైటేషన్ రకాలను అదే సంస్థ వారి ఖరీదైన మెర్క్యురీ కార్ల లైన్లలోనూ మధ్యమధ్యలో కలిపి తయారుచేశారు. వరసగా ఫోర్డ్ కార్లు బిగిస్తున్న కార్మికుడు, నడుమ ఎడ్సెల్ రాగానే వేరే విడిభాగాలు వెతుక్కోవలసి వచ్చేది. అందువల్ల కొన్ని కార్లు బిగింపులు సరిగా లేకుండా, కొన్ని భాగాలే లేకుండా డీలర్ల దగ్గరకు చేరాయి. స్టీరింగ్ నడుమ, హారన్ ఉండే చోట, గేర్లు మార్చే బొత్తాలు అమర్చిన టెలిటచ్ కూడా తరచూ మొరాయించింది. ఆ ఊహ నాకు ఇప్పటికీ ముచ్చటగానే తోస్తుంది గాని, ఏడాదికే దాన్ని తీసేశారు.

ధరల్లోనూ స్పష్టత లేదు. ఫోర్డ్‌కూ మెర్క్యురీకీ మధ్య నిలవవలసిన కారు రెండింటి ధరల్లోకీ చొరబడింది. దానికి తోడు 1957 ఆగస్టులో అమెరికాలో మొదలైన ఆర్థిక మాంద్యం మధ్యతరహా ధరల కార్లన్నిటినీ దెబ్బతీసింది. మెర్క్యురీ అమ్మకాలు పడిపోయాయి. క్రైస్లర్ వారి డిసోటో కార్ల తయారీ 1960 నవంబరులో ఆగిపోయింది. ఆ కార్లకు నిలువు గ్రిల్ లేదే!

ఎడ్సెల్ ఉత్పత్తి 1958 మోడల్‌లో 63,110 కాగా, మరుసటి ఏడాది 44,891కి తగ్గింది. 1960 మోడల్‌కు నిలువు గ్రిల్ తీసివేసినా 2,846 మాత్రమే తయారయ్యాయి, ఎందుకంటే 1959 నవంబరు 19నే సంస్థ దాన్ని నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. ఈ కారుకు ఎవరి పేరు పెట్టారో ఆ ఎడ్సెల్ ఫోర్డ్, హెన్రీ ఫోర్డ్ కుమారుడు, 1943లో కన్నుమూసినవాడు, లింకన్ కాంటినెంటల్ వంటి అందమైన కారుకు ప్రాణం పోసిన రసజ్ఞుడు. ఆయన పేరు అపజయానికి మారుపేరు కావడం నన్ను బాధిస్తుంది.

అసెంబ్లీ లైన్ల సంగతీ, మాంద్యం సంగతీ వచ్చే అనుబంధంలో కొంత వివరంగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం