టర్కాయిస్ డయల్ రోలెక్స్ వేలం: పాడే ముందు చూడండి

మిత్రులారా, వేలంలో టర్కాయిస్ డయల్ రోలెక్స్ ఆయిస్టర్ పర్పెచువల్ 41 వాచీ మీద కన్నేసినవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. 2020లో వచ్చిన 124300 మోడల్ అది. స్టీల్ కేసులో, అంటే వాచీ బాడీలో, ఆ లేత నీలం చూస్తే నాకూ మనసు నిలవదు. కానీ మామూలు డయల్ తీసేసి రంగుది బిగించి అమ్మేవాళ్లున్నారు. డయల్ దగ్గరి ఫొటోలు అడగండి. డయల్ అసలుదేనని కండిషన్ రిపోర్టులో (వాచీ స్థితి గురించి వేలం సంస్థ ఇచ్చే నివేదిక) రాశారో లేదో చూడండి. కేసు అంచులు అరిగేలా పాలిష్ పట్టి ఉంటే నేనైతే వదిలేస్తాను.

2021 డిసెంబరులో న్యూయార్క్‌లో ఫిలిప్స్ అనే సంస్థ వేలంలో ఇలాంటి రంగుదే, టిఫనీ నగల కంపెనీ నీలం డయల్ ఉన్న పటేక్ ఫిలిప్ నాటిలస్ వాచీ 65 లక్షల డాలర్లు పలికింది. దాన్ని కొలమానంగా పెట్టుకోకండి, ఆ సొమ్ము ప్రకృతి పరిరక్షణకు విరాళంగా వెళ్లింది.

పాట ధర మీద వేలం సంస్థ ప్రీమియం (కొన్నవాళ్ల దగ్గర తీసుకునే రుసుము), పన్నులు అదనం. అవి కలుపుకునే మీ హద్దు ముందే రాసిపెట్టుకోండి.