రైతుబజార్లలో నాటు విత్తనానికి ఒక స్టాలు ఇవ్వండి

సంపాదకులకు,

మృగశిర కార్తె నాడు చేప ప్రసాదానికి నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బారులు తీరే నగరం మనది. ఆ కార్తెకు ముందు వారం రోజులు ఎర్రగడ్డ, మెహిదీపట్నం, కూకట్‌పల్లి రైతుబజార్లలో నాటు విత్తనాలు ఇచ్చిపుచ్చుకోవడానికి ఒక్కో స్టాలు కేటాయించాలని మార్కెటింగ్ శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

మిద్దెతోటలు పెరిగాయి గానీ, చాలా కుండీల్లో పడుతున్నది ప్యాకెట్టు విత్తనమే. హైబ్రిడ్ కాయ గింజ దాచి వేస్తే మళ్లీ అదే కాపు రాదు కాబట్టి ఏటా కొనాల్సిందే. పట్టుబట్టి నాటు బీర, ఆనప పెంచేవారికి ఇంకో చిక్కు ఉంది. ఒక పాదు పుప్పొడి ఇంకో పాదుకు తేనెటీగలు మోసే తీగలివి. ఒకటి రెండు పాదుల నుంచే ఏళ్ల తరబడి గింజ తీస్తే వైవిధ్యం సన్నగిల్లుతుంది. మిద్దె మీద పట్టేవేమో ఆ రెండు పాదులే! అందుకే ఈ పని ఒంటరిగా సాగదు. ఇరవై ఇళ్ల గింజలు ఒకచోట కలిపి పంచుకోవాలి. వాటిలో కొన్ని మే ఎండకు మాడతాయి, కొన్ని బూడిద తెగులుకు పోతాయి, ట్యాంకరు రాని వారంలో కొన్ని వాడిపోతాయి. నిలిచి కాసినవాటి గింజలే మళ్లీ కలిపి వేయాలి. ఊళ్లలో నాటు రకాలు తయారైంది ఇలాగే.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) జన్యునిధిలో, అంటే విత్తనాలు భద్రపరిచే నిలయంలో, జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ వగైరా నమూనాలు లక్షా 20 వేలకు పైగా ఉన్నాయి. దీర్ఘకాలం దాచేవాటిని మైనస్ 20 డిగ్రీల చలిలో ఉంచుతారు. అది చాలా అవసరం. కానీ చలిగదిలో ఉన్న విత్తనానికి ఆ తర్వాత ముదిరిన ఎండలు తెలియవు. ఏటా మట్టిలో పడే విత్తనానికే తెలుస్తాయి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) మహిళా సంఘాలు దశాబ్దాలుగా చేస్తున్నది ఆ పనే. వారికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ పురస్కారం కూడా వచ్చింది. 2012లో జీవవైవిధ్య అంతర్జాతీయ సదస్సు జరిగిన హైదరాబాదులో బయోడైవర్సిటీ పేరుతో ఒక కూడలి ఉంది, అక్కడ ట్రాఫిక్కు మాత్రం కొదవ లేదు.

చట్టం అడ్డొస్తుందని ఎవరూ జంకనక్కర్లేదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రైతు తన విత్తనం దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోనూవచ్చు. ఈ చట్టం కింద నమోదైన రక్షిత రకాన్ని బ్రాండు పేరుతో అమ్మడం ఒక్కటే కూడదు.

స్టాలుకు కట్టుబాట్లు మాత్రం ఉండాలి. ప్రతి పొట్లం మీద రకం పేరు, ఏ ఊరిది, ఏ ఏడు గింజ అనేవి రాయాలి. తీసుకున్నవారు కాపయ్యాక రెట్టింపు తిరిగివ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆనప, బీర పాదులను విత్తనానికి వదిలే ముందు లేత కాయ ముక్కను నాలుక చివర పెట్టి చూడాలి. చేదుంటే ఉమ్మేసి, పాదు పీకేయాలి. చేదు ఆనపకాయ రసం తాగితే ప్రాణం మీదికి వస్తుంది, ఆ గుణం గింజతో పాటు పక్కింటికీ చేరుతుంది.

సిబ్బంది లేరని శాఖ అంటే, వంతులవారీగా కూర్చోవడానికి మాలాంటివాళ్లం సిద్ధం. కాస్త నీడ, ఒక బల్ల చాలు.

— ఒక మిద్దెతోట సాగుదారు, మల్కాజిగిరి, హైదరాబాద్