కడపలోని మన అక్వేరియం సంఘం వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారం.

నెలవారీ సమావేశాలు, పాఠశాలల్లో ప్రదర్శనలు ఈ ఏడాదీ యథావిధిగా జరిగాయి. వివరాలు మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి. ఈ నివేదికలో ఎక్కువ చోటు మన ఉప్పునీటి తొట్టికి, అందులోకి వచ్చిన నైజర్ ట్రిగ్గర్ అనే నీలిరంగు సముద్రపు చేపకు ఇస్తున్నాను. సముద్రానికి ఇంత దూరంలో, వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో ఆ తొట్టిని నిలబెట్టడం మనందరికీ గర్వకారణం.

చేపను చెన్నైలోని కొళత్తూరు నుంచి రైల్లో తెచ్చాం. తొట్టిలోకి వదిలీ వదలగానే రాళ్ల సందులోకి దూరి, పక్కకు ఒరిగి పడుకుంది. రొయ్య ముక్క వేసినా కదల్లేదు. ఒంటి నీలిరంగు వెలవెలబోయింది. చేప చచ్చిపోతోందని, వెంటనే చేపల జబ్బులకు వాడే రాగి మందు నీటిలో వేయాలని, వలతో బయటికి లాగాలని చాలామంది పట్టుబట్టారు. కార్యవర్గం రెండింటికీ ఒప్పుకోలేదు. అది సరైన నిర్ణయమని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

ట్రిగ్గర్ చేప వీపు మీది మొదటి ముల్లు లేచినప్పుడు రెండో ముల్లు దానికి గడియలా అడ్డుపడుతుంది. సందులో దూరి ముల్లు బిగించిందంటే ఎంత లాగినా రాదు. భయపడినా, నిద్రపోయినా అలా సందులో ఒరిగి పడుకోవడం దాని స్వభావం. వల వేసి ఉంటే ముల్లు అందులో చిక్కుకుని చేప గాయపడేది. రాగిని రాళ్లు పీల్చుకుంటాయి. పీతలకు, పగడాలకు రాగి విషం కాబట్టి, ఆ తర్వాత ఆ తొట్టిలో వాటిని పెంచాలన్నా కుదరదు. జబ్బు గుర్తులు వేరు: మొప్పలు గబగబా ఆడటం, ఒళ్లు రాళ్లకు రుద్దుకోవడం, తెల్లచుక్కలు తేలడం. వీటిలో ఒక్కటీ కనబడలేదు. నీటి పరీక్షలో చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ సున్నా. ఉప్పు శాతాన్ని తెలిపే నీటి సాంద్రత 1.024, వేడి 26 డిగ్రీలు; రెండూ సరిగ్గానే ఉన్నాయి. అందుకే దీపం తగ్గించి, తొట్టి ముందు గుంపు చేరకుండా చూశాం.

కొన్నాళ్లకు చేప దానంతట అదే బయటికి వచ్చింది. ఒక కన్ను రాళ్ల వైపు, ఇంకో కన్ను మన వైపు తిప్పుతూ వచ్చి, అప్పుడప్పుడే ఎర్రబడుతున్న పళ్లతో రొయ్యను పెంకుతో సహా కొరికింది. అక్కడి నుంచి దౌర్జన్యం మొదలైంది. అదే తొట్టిలోని డామ్సెల్ అనే చిన్న చేపలను మూలకు తరిమింది, నోటితో నీళ్లు చిమ్మి ఇసుక తవ్వింది, రాతి ముక్కలు మోసుకెళ్లింది, హీటరు తీగ కొరకబోయింది. కొత్త చోటు తనదని నమ్మకం కుదిరాకే ట్రిగ్గర్ ఇలా ప్రవర్తిస్తుంది. డామ్సెల్ చేపలను వేరే తొట్టికి మార్చాం, తీగలకు ప్లాస్టిక్ గొట్టాలు తొడిగాం. దాని పళ్లు పెరుగుతూనే ఉంటాయి కాబట్టి పెంకున్న మేత మానకూడదు.

రాత్రుళ్లు మేలుకుని మొప్పల కదలిక రాసిపెట్టిన యువ సభ్యులకు, ఆర్వో నీళ్లు ఉచితంగా ఇచ్చిన ప్లాంటు యజమానికి, చేపల సంచి ఒడిలో పెట్టుకుని వచ్చిన సోదరుడికి సంఘం రుణపడి ఉంది. యువ సభ్యుల గమనికల పుస్తకం బల్ల మీద ఉంచాం, దయచేసి చూడండి.

మే నెలలో కరెంటు పోయినప్పుడల్లా తొట్టిని చూసుకోవడానికి వచ్చినవాళ్లే వచ్చారు. డ్యూటీ పట్టికలో పేరు రాసి ఫోను కూడా ఎత్తని సభ్యుల గురించి బాధతో చెప్పక తప్పడం లేదు. ప్రదర్శనకు హాలు కోరుతూ పెట్టిన అర్జీకి అధికారుల నుంచి ఇంతవరకు జవాబు లేదు. మళ్లీ మళ్లీ తిరిగే ఓపిక కార్యవర్గానికీ సన్నగిల్లుతోంది.

జమాఖర్చులు కోశాధికారి చదివి వినిపిస్తారు. చందా బకాయిలు ఉన్నవారు ఈరోజే చెల్లించగలరు.

నైజర్ ట్రిగ్గర్ సముద్రంలో 50 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. ఇప్పటి తొట్టి దానికి ఎంతోకాలం చాలదు. పెద్ద తొట్టి కొనుగోలు తీర్మానాన్ని, వేసవి డ్యూటీ పట్టికను సభ ముందు ఉంచుతున్నాను. రెండింటిపైనా సంతకాలు అయ్యాకే సభ ముగించాలని అధ్యక్షులను కోరుతున్నాను.

— కార్యదర్శి