ఆ క్వారీ గోడలో పది మీటర్లు మా పిల్లలకు వదలండి సార్

గనులు, భూగర్భ శాఖ మంత్రి గారికి నమస్కారం.

రాజమండ్రి నుంచి గోదావరి దాటి దేవరపల్లి వైపు వస్తే గౌరీపట్నం, దుద్దుకూరు చుట్టుపక్కల నల్లరాయి క్వారీలు ఉంటాయి. ఆ గోడల్లో కింద ఒక లావా, పైన ఇంకో లావా, మధ్యలో సున్నపురాయీ బంకమట్టీ కలిసిన పొర. కంకర కొట్టేవాళ్లకు అది పనికిరాని మట్టి. నేను జియాలజీ చెప్పే మనిషిని, నాకు ఆ మట్టే కావాలి.

డైనోసార్లు పోయిన కాలం, అంటే సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి ఫొరామినిఫెరాలు అందులో ఉన్నాయి. సముద్రపు ఏకకణ జీవుల గుల్లలివి, చాలావరకు చక్కెర పలుకంత కూడా ఉండవు. కింది లావా మీద పేరుకున్న మట్టిలో, ఆ వినాశనం తర్వాత కొత్తగా పుట్టిన జాతులు దొరకబట్టే, దక్కన్ పీఠభూమిని కప్పిన లావా ప్రవాహాల పెద్ద విడత దాదాపు ఆ సమయానికే ముగిసిందని 2008లో భూగర్భ శాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం చెప్పగలిగింది. మన గోదావరి జిల్లా కంకర క్వారీలోంచి వచ్చిన మాట సార్ అది!

ఈ గుల్లల్ని ఏరే మా విద్యార్థుల ప్రాజెక్టుకు పెద్ద ఖర్చు కూడా లేదు. మట్టిని రాత్రంతా నానబెట్టి, 63 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) జల్లెడలో కుళాయి కింద కడిగి, ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద తడి కుంచె మొనతో ఒక్కో గుల్లనూ ఏరాలి. పోయినసారి ఒకమ్మాయి రెండు రోజులు ఇసుక తప్ప ఏమీ కనపడక ఏడుపుమొహంతో కూర్చుంది, మూడో రోజు నాలుగు గదుల గుల్ల ఒకటి కనిపించేసరికి కుర్చీలోంచి లేచి అందరినీ పిలిచింది. పొరలో కింద నుంచి పైకి అడుగుకో నమూనా తీస్తే సముద్రం ఎప్పుడు లోపలికొచ్చిందో, ఎప్పుడు వెనక్కి పోయిందో ఆ పిల్లే చెప్పగలదు.

కానీ మళ్లీ వెళ్తే ఆ గోడే లేదు, కొట్టేశారు. ఇంకో క్వారీలో గేటు దగ్గరే ఆపేశారు. వాళ్లను తప్పుపట్టను, లోపల పిల్లలకేమైనా అయితే అన్న టెన్షన్ వాళ్లది.

తిరుమల శిలాతోరణాన్ని, విశాఖ ఎర్రమట్టి దిబ్బల్ని భూవారసత్వంగా గుర్తించుకున్నాం కదా. ఇక్కడ క్వారీలు మూసేయమని అడగట్లేదు, ఎంతోమందికి అదే కూడు. పొర బాగా కనపడే చోట ఒక్క పది మీటర్ల గోడను లీజులోంచి తప్పించి, కంచె వేసి, విద్యార్థులు నమూనాలు తీసుకోవచ్చని రాతపూర్వకంగా ఇవ్వండి.

మా కొత్త బ్యాచ్ డిసెంబరులో బయల్దేరుతుంది. గోడ సంగతి అప్పటికి తేలకపోయినా, గేటు దగ్గర చూపించడానికి కనీసం ఒక కాగితం ఇప్పించండి సార్.